అడుగు తూలితే... చెవిని అడుగు!

వణుకు రోగం అనగానే అందరి చూపూ చేతుల మీదికే పోతుంది. మనిషిని మంచాన పడేసేది మాత్రం చాలాసార్లు చేతి వణుకు కాదు, కాలి తూలుడు. ఆ తూలుడు జాడ లోచెవి నుంచి మెదడుకు పోయే ఒక సన్నటి నాడిలో దొరుకుతుందేమోనని శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా వెతుకుతున్నారు.

మా పెద్దనాయనకు చేతులు వణకలేదు. అందుకే రెండేళ్లపాటు ఎవరికీ అనుమానం రాలేదు.

వెంకటగిరికోటను మేమెవరం పూర్తి పేరుతో పిలవం. బస్సు బోర్డు మీదా, మండీ చీటీ మీదా, మా నోటా అది వి.కోటే. చిత్తూరు జిల్లా పడమటి అంచున మూడు రాష్ట్రాలు భుజాలు ఆనించుకున్న చోటు అది. ఒకవైపు పోతే కేజీఎఫ్, ఇంకోవైపు ఘాట్ దిగితే తమిళనాడు పేర్ణంబట్టు. టమోటా, పూలు, పట్టుగూళ్లు, పాలు... వీటి మీదే బతుకులు. పెద్దనాయన నలభై ఏళ్లు టమోటా పండించాడు. తెల్లారకముందే టెంపోతో మండీకి చేరి, వెనక పలక మీద నిలబడి బాక్సులు ఒక్కొక్కటే కిందవాళ్లకు అందించేవాడు. బండి ఊగినా ఆయన ఊగేవాడు కాదు.

ఒక రోజు ఖాళీ చేతులతో ఆ పలక దిగుతూ వెనక్కి పడ్డాడు. కాలు జారలేదు, దేన్నీ తట్టుకోలేదు. నిలబడిన మనిషి నిలబడినట్టే, నరికిన అరటిచెట్టులా ఒరిగిపోయాడు. "పెద్దాయన పొద్దున్నే ఏసుకున్నట్టుండాడే" అని గుంపులో ఎవరో అన్నారు. జన్మలో సారా ముట్టని మనిషి. నడుముకు తగిలిన దెబ్బ నెల రోజుల్లో మానింది. ఆ మాట మానలేదు. మండీకి పోవడమే మానేశాడు.

తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. అడుగు చిన్నదైంది. చెప్పులు నేలను రాస్తూ నడిచేవాడు. గడప దగ్గరికి రాగానే కాళ్లు మేకు కొట్టినట్టు ఆగిపోయేవి. సొసైటీ కాగితం మీద పెట్టిన సంతకం చీమలబారంత సన్నబడింది. "పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మినా ఈయనకు వాసనే తెల్దు నాయనా" అని పెద్దమ్మ చెప్పేది. రాత్రిళ్లు నిద్రలో కేకలేసి చేతులు విసిరేవాడు. ఇవన్నీ ఒకే తాడుకు వేసిన ముళ్లని మాకెవరికీ తట్టలేదు. ఒక ఆసుపత్రిలో మోకాళ్లకు ఎక్స్‌రే తీసి, అరుగుదల అన్నారు. రెండేళ్లు నొప్పి మాత్రలు మింగాడు.

చివరికి బెంగళూరులో ఒక నరాల డాక్టరు దగ్గర అసలు సంగతి తెలిసింది. అక్కడ జరిగిన పరీక్ష నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది. పెద్దనాయనను గది మధ్యలో నిలబెట్టి, ఆ డాక్టరు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. "పెద్దయ్యా, నేను భుజాలు పట్టి వెనక్కి లాగుతాను. పడకుండా నిలదొక్కుకోండి. పట్టుకోవడానికి నేనున్నా" అన్నాడు. లాగాడు. మామూలు మనిషి ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసి నిలబడతాడు. పెద్దనాయన ఒక్క అడుగు కూడా వేయలేదు. పలక పడ్డట్టు డాక్టరు చేతుల్లో పడ్డాడు. చేతులు చాచి ఆపుకోవాలన్న ఆత్రం కూడా ఆ ఒంట్లో కనిపించలేదు. "పార్కిన్సన్స్. వణుకు లేని రకం" అన్నాడు డాక్టరు.

వణుకు తోడు రాని వణుకు రోగం ఉంటుందని అప్పుడే నేను మొదటిసారి విన్నాను.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు మీద చిన్న పుస్తకం రాసింది 1817లో. ఆయన దానికి పెట్టిన పేరులోనే వణుకు ఉంది. మన ఆయుర్వేదంలోనూ ఇది కంపవాతమే. పేర్లన్నీ చేతుల వంకే చూపించాయి. ఆ పార్కిన్సన్ మాత్రం తన పుస్తకంలో ముందుకు వంగిపోయే ఒంటి గురించీ, నడక పరుగుగా మారిపోవడం గురించీ కూడా రాశాడు. మనం పేరు గుర్తుపెట్టుకుని మిగతాది వదిలేశాం. మెదడు అడుగున నల్లగా కనిపించే ఒక చిన్న భాగంలో డోపమిన్ తయారుచేసే కణాలు చచ్చిపోవడం ఈ జబ్బుకు మూలం. బయటికి లక్షణాలు కనపడేసరికే వాటిలో సగానికి సగం పోయి ఉంటాయి. 2019 నాటికి ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

తీవ్రతను కొలవడానికి డాక్టర్లు ఇప్పటికీ వాడే మెట్లు ఐదు. 1967లో మార్గరెట్ హోన్, మెల్విన్ యార్ అనే ఇద్దరు వేసిన మెట్లవి. మొదటి మెట్టులో జబ్బు ఒంటికి ఒకవైపే ఉంటుంది. రెండో మెట్టులో రెండువైపులా వస్తుంది. మూడో మెట్టు ఎక్కారని చెప్పే గుర్తు నిలకడ తప్పడమే. అంటే ఒక మనిషి రెండో మెట్టు మీద ఉన్నాడా మూడో మెట్టు ఎక్కాడా అని తేల్చేది పెద్దనాయనకు చేసిన ఆ లాగుడు పరీక్షే. ఒక డాక్టరు గట్టిగా లాగుతాడు, ఇంకొకరు మెల్లగా లాగుతారు. రోగి ముందే సిద్ధపడి నిలబడితే ఒక ఫలితం వస్తుంది, ఆదమరిచి ఉంటే మరొకటి. షుగరుకు అంకె ఉంది, బీపీకి అంకె ఉంది. మనిషి పడిపోతాడా లేదా అన్నంత పెద్ద సంగతికి మాత్రం సరైన అంకె లేదు.

పైగా లెవోడోపా మాత్రకు చేతుల బిగుతు తగ్గుతుంది, కదలికల్లో మందకొడితనం తగ్గుతుంది. తూలుడు మాత్రం ఆ మాత్రకు పెద్దగా లొంగదు. తుంటి ఎముక విరిగి మంచానికి అంటుకుపోయే ముసలివాళ్లను ఊరూరా చూస్తున్నాం. వాళ్లలో ఎంతమంది వెనక ఈ జబ్బు దాగి ఉందో ఎవరూ వెతకరు. నిలకడను కొలిచే దారి దొరకాలని నేనింతగా కోరుకోవడానికి కారణం ఇదే.

ఊరుకోని నాడి

నిలకడ అనేసరికి మనం కాళ్లను తలుచుకుంటాం. దాని మూలం చెవిలో ఉంది. వినే చెవికి ఆనుకునే, కణత ఎముక లోపల, గోరంత చోటులో ఆ యంత్రం ఉంటుంది. మూడు అరవంపు గొట్టాలు, వాటి నిండా ద్రవం. తాపీమేస్త్రి గోడ మీద పెట్టే రసమట్టం లాంటివే అవి, కాకపోతే మూడు దిక్కులకు మూడు. తల తిప్పినా, ఎత్తినా, వంచినా ద్రవం కదిలి సంగతి చెబుతుంది. వాటి మొదట్లో రెండు చిన్న సంచులు ఉంటాయి. వాటిలో జిగురు పొర మీద సున్నపు రేణువుల్లాంటి స్ఫటికాలు పరుచుకుని ఉంటాయి. భూమి ఎటు లాగుతోందో చెప్పేవి ఇవి. మేస్త్రి నూలుతాడుకు కట్టి వేలాడదీసే గుండు చేసే పనే ఇవీ చేస్తాయి. ఈ ఐదింటి మాటలనూ మోసుకుపోయేది వెస్టిబ్యులార్ నాడి. నిలకడ నాడి అందాం.

ఈ నాడిలో నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. అది ఎప్పుడూ ఊరుకోదు. మనం కదలకుండా, కళ్లు మూసుకుని కూర్చున్నా దానిలోని ఒక్కో తీగ సెకనుకు పదుల సార్లు మెదడుకు మీటుతూనే ఉంటుంది. గోల్డ్‌బర్గ్, ఫెర్నాండెజ్ అనే ఇద్దరు 1971లో కోతుల్లో కొలిచి చూస్తే, ఏ కదలికా లేనప్పుడే సగటున సెకనుకు 90 దాకా మీటులు వినిపించాయి. తల ఒకవైపు తిరిగితే ఆ చెవి నాడి వేగం పెరుగుతుంది, అవతలి చెవి నాడి తగ్గుతుంది. ఆ తేడానే మెదడు చదువుకుంటుంది.

మా వైపు రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. గట్టు మీద కూర్చుని బోరు మోటారు మోత వింటే చాలు, నీళ్లు నిండుగా వస్తున్నాయా, గాలి లాగుతోందా, ఒక ఫేజు పోయిందా అని చెప్పేస్తాడు. మోటారు విప్పి చూడడు. ఆ నాడి మోత విని మెదడు సంగతి చెప్పగలమా అన్నదే ఈ పరిశోధనంతా.

మదనపల్లె చెప్పిన పాఠం

ఆ మోత ఆగిపోతే ఏమవుతుందో మన ప్రాంతానికి ఇంకో దారిలో తెలుసు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల కోసం 1912లో మొదలుపెట్టిన శానిటోరియం అది. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో పెరిగింది. మన దేశంలో బీసీజీ టీకా మొదటగా వేసింది కూడా 1948లో మదనపల్లెలోనే. సరిగ్గా ఆ కాలంలోనే క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను వచ్చింది. ప్రాణాలు నిలబెట్టిన మందు అది. అయితే లోచెవిలోని నిలకడ కణాలను అది తినేస్తుందని కొద్ది కాలానికే తేలింది. చెవుడు కంటే ముందు తూలుడు తెచ్చిపెట్టే మందు అది.

అమెరికాలో అలా నిలకడ పోగొట్టుకున్న ఒక వైద్యుడు 1952లో తన అనుభవాన్ని వైద్య పత్రికలో రాసుకున్నాడు. పేరు చెప్పకుండా రెండు అక్షరాలు మాత్రం వేసుకున్నాడు. మంచం మీద పడుకుని పుస్తకం చదవబోతే గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్షరాలు ఎగిరేవట. మంచం తలవైపు ఉన్న రెండు ఇనుప కమ్మీల మధ్య తల ఇరికించుకుని చదువుకున్నాడట. ఆరోగ్యవంతుడి తల కూడా గుండె కొట్టుకున్నప్పుడల్లా అంతే అదురుతుంది. చెవి ఆ అదురును కనిపెట్టి కళ్లను సర్దుతుంది కాబట్టి మనకు తెలియదు.

ఆ ఇంజెక్షన్లు పడిన తరం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఈ సంగతికి మళ్లీ వస్తాను. నాడి కొలతలను నమ్మేముందు దీన్ని గుర్తుంచుకోవాలి.

చెవిలో నీళ్లు పోసిన వైద్యుడు

నిలకడ నాడిని బయటినుంచి పలకరించే పద్ధతి మొదట కనిపెట్టింది వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీ. రోగుల చెవులు నీళ్లతో కడిగేటప్పుడు వాళ్లు కళ్లు తిరుగుతున్నాయనేవాళ్లు. చల్లటి నీళ్లకు కనుగుడ్లు ఒకవైపు కొట్టుకునేవి, వేడి నీళ్లకు ఇంకోవైపు. లోపలి ద్రవం వేడెక్కి పైకి, చల్లబడి కిందికి కదలడమే దీనికి కారణమని ఆయన పట్టుకున్నాడు. 1914 నోబెల్ బహుమతి ఆయనకు ప్రకటించేనాటికి ఆయన రష్యా యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నాడు. ఆయన పరీక్ష ఈనాటికీ చెవి ఆసుపత్రుల్లో నడుస్తోంది.

1982లో అమెరికాలో రీషర్ట్, ఆయన తోటి వైద్యులు ఇదే పరీక్షను పార్కిన్సన్స్ రోగులకు చేశారు. చెవుల స్పందన తగ్గిందనీ, తూలుడు ఎక్కువ ఉన్నవాళ్లలో అది మరింత తగ్గిందనీ చెప్పారు. చెవికీ ఈ జబ్బుకూ ముడి ఉందన్న మాట వైద్య పత్రికల్లో అలా గట్టిగా వినపడింది. పదేళ్లు గడిచాక, 1993లో లండన్‌లో పాస్టర్, డే, మార్స్‌డెన్ బృందం చెవి వెనక సన్నటి కరెంటు పంపి, ఒళ్లు ఎటు ఒరుగుతుందో కొలిచింది. పార్కిన్సన్స్ రోగుల్లో ఆ స్పందన బాగానే ఉందని తేల్చింది. ఒకరు కాదంటే ఒకరు అవునన్నారు. శాస్త్రం నడక అలాగే ఉంటుంది. ఈ తగువు ఇంకా పూర్తిగా తెగలేదు. దాన్ని దాచిపెట్టి పాఠకులకు తియ్యటి కబుర్లు చెప్పడం నాకిష్టం లేదు.

చెవికీ జబ్బుకూ ముడి ఉందన్న వైపు బలం పెరగడానికి ఇంకో కారణం ఉంది. జర్మనీకి చెందిన బ్రాక్ బృందం 2003లో ఒక సంగతి చెప్పింది. ఈ జబ్బు మొదట కనిపించేది ఆ నల్లటి భాగంలో కాదు. దానికంటే కింద, మెదడు వెన్నుపాముతో కలిసే కాండంలోనూ, వాసన చూసే నాడి దగ్గరా. అందుకే వణుకు రావడానికి ఏళ్ల ముందే వాసన పోతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, నిద్రలో కేకలు వస్తాయి. పెద్దనాయనకు పోపు వాసన తెలియకపోవడం ఇందుకే. చెవి నుంచి వచ్చే నిలకడ నాడి దిగేది కూడా ఆ మెదడు కాండంలోనే. 2015లో జర్మన్ శాస్త్రవేత్తలే చనిపోయిన రోగుల మెదళ్లను పరిశీలించి, నిలకడ నాడి చేరే కేంద్రాల్లో కూడా ఈ జబ్బు గుర్తులు చూశారు. అంటే చెవిలో రసమట్టం సరిగ్గానే ఉండొచ్చు. దాన్ని చదివే మేస్త్రి చూపే మందగించి ఉండొచ్చు.

మెడ చెప్పే సాక్ష్యం

ఇప్పుడు మన అందుబాటులో ఉన్న పరీక్ష ఒకటుంది. పేరు వెంప్. 1992లో సిడ్నీలో కోల్‌బాచ్, హాల్మాగీ అనే వైద్యులు దీన్ని నిలబెట్టారు. మనిషి మెడ పక్కకు తిప్పి, కండ బిగబట్టి ఉంచుతాడు. ఆ కండ మీద ఈసీజీకి అంటించినట్టు చిన్న బిళ్లలు అంటిస్తారు. చెవిలో టకటకమని గట్టి శబ్దం వేస్తారు. లోచెవిలోని సంచుల్లో ఒకటి ఆ శబ్దానికి ఉలిక్కిపడుతుంది. ఆ సంగతి నిలకడ నాడి మీదుగా మెదడు కాండానికి, అక్కడినుంచి మెడకు వస్తుంది. కండ లిప్తపాటు సడలుతుంది. శబ్దం వేసిన దగ్గరనుంచి 13 మిల్లీ సెకన్లకు ఒక అల, 23కు ఇంకో అల తెర మీద కనిపిస్తాయి. రోగి చేయాల్సిందల్లా మెడ బిగబట్టడమే. నడవక్కర్లేదు, పడక్కర్లేదు.

ఇజ్రాయెల్, ఈజిప్టు వైద్యులు పార్కిన్సన్స్ రోగుల్లో ఈ అలలు చూశారు. కొందరిలో అల చిన్నదైంది, కొందరిలో రానే లేదు. ఇటలీలోని సార్డీనియా దీవిలో ససారి వైద్యులు మెడతో ఆగకుండా దవడ కండ, కంటి కింద కండ కూడా కలిపి మూడు చోట్ల కొలిచారు. ఈ మూడు దారులూ మెదడు కాండంలో మూడు వేర్వేరు అంతస్తుల మీదుగా పోతాయి. ఎక్కడ దారి తెగిందో చూస్తే జబ్బు ఎంతవరకు పాకిందో అంచనా కట్టొచ్చన్నది వాళ్ల ఆలోచన. నాకు ఇది చాలా తెలివైన ఆలోచనగా తోచింది. ఊళ్లో కరెంటు పోతే లైన్‌మన్ ఏ స్తంభం దాకా వస్తోందో చూసుకుంటూ పోయినట్టు.

పసిబిడ్డల వినికిడి చూసే బేరా పరీక్ష తరహా పరికరాల్లోనే చాలావాటికి ఈ వెంప్ సదుపాయం కూడా ఉంటుంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో దీని మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. మాకు మైసూరు పరాయి ఊరేమీ కాదు.

రెండో పరీక్ష ఇంకా పరిశోధనశాల గడప దాటనిది. దాన్ని ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇంజనీరు బ్రయన్ లిత్‌గో తయారుచేశాడు. పేరు ఎలెక్ట్రోవెస్టిబ్యులోగ్రఫీ. నోరు తిరగని పేరు, అర్థం మాత్రం చెవి నిలకడ నాడికి తీసే ఈసీజీ అని. బయటి శబ్దం, కరెంటు తరంగాలు చొరబడని గదిలో ఒక కుర్చీ. మనిషిని కూర్చోబెట్టి తలకు ఆనింపు పెట్టి, చెవి రంధ్రంలో కర్ణభేరికి దగ్గరగా మెత్తటి తీగ మొన పెడతారు. కుర్చీ మెల్లగా ఒరుగుతుంది, లేస్తుంది. ఆ కదలికకు నాడి ఎలా పలికిందో తీగ పట్టుకుంటుంది. అందేది వోల్టులో లక్షల వంతుల్లో ఉండే గుసగుస. ఆ గుసగుసలోంచి నాడి మీటులను ఏరే లెక్కను లిత్‌గో 2012లో ప్రచురించాడు. అదే ఏడాది కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జహ్రా మౌసవి బృందం ఆయనతో కలిసి, ఈ పద్ధతితో పార్కిన్సన్స్ రోగులనూ ఆరోగ్యవంతులనూ వేరుచేసే ప్రయత్నం ప్రచురించింది. మీటు ఆకారంలో, మీటుకూ మీటుకూ మధ్య ఎడంలో తేడాలు కనిపించాయన్నారు.

చెవిలో పెట్టిన తీగకు మెదడు జబ్బు ఎలా వినపడుతుంది? ఈ నాడి ఒంటిదారి కాదు. చెవి నుంచి మెదడుకు పోయే తీగలతోపాటు, మెదడు నుంచి చెవికి తిరిగివచ్చే తీగలు కొన్ని ఉన్నాయి. లోచెవి కణాల చురుకును మెదడు వాటితో సవరిస్తుంటుంది. మెదడు కాండంలో మార్పు వస్తే ఆ సవరింపు మారుతుంది, మోత మారుతుంది అన్నది వాళ్ల వాదన.

తొందరపడొద్దు

ఈ ప్రయోగాలు జరిగింది గుప్పెడు మంది రోగులతో. ఏ దేశంలోనూ పార్కిన్సన్స్ తేల్చడానికి ఇది ఆసుపత్రి పరీక్షగా స్థిరపడలేదు. రేపు ఎవరైనా చెవి పరీక్షతో పార్కిన్సన్స్ పట్టేస్తామని బోర్డు పెడితే మన డబ్బు జాగ్రత్త. ఇవాళ్టికీ ఈ జబ్బును తేల్చేది అనుభవమున్న నరాల డాక్టరు కళ్లూ చేతులే. డోపమిన్ కణాల స్కాను తోడు రావచ్చు. వెన్ను నీటిలో చెడు ప్రొటీన్ జాడ పట్టే పరీక్ష మీద 2023లో పెద్ద ఫలితాలు వచ్చాయి. అదీ ఇంకా మన గుమ్మం దాకా రాలేదు.

వయసు ఇంకో చిక్కు. అరవై దాటినవాళ్లలో జబ్బు లేకపోయినా మెడ అల సన్నబడుతుంది, కొందరిలో రాదు. ఇందాక చెప్పిన స్ట్రెప్టోమైసిన్ సంగతి ఇక్కడే అవసరం. ముప్ఫై ఏళ్ల కింద క్షయకు సూదులు వేయించుకున్న పెద్దాయనకు అల కనపడకపోతే తప్పు పార్కిన్సన్స్‌ది కాకపోవచ్చు, ఆ సూదిది కావచ్చు. సిడ్నీలో, కెనడాలో కొలిచిన అంకెలను తెచ్చి మదనపల్లె రోగి మీద అలాగే పెడితే తప్పుతాం. మన కొలతలు మన ఒళ్ల మీద, మన రోగాల చరిత్ర అడిగి తీయాలి.

అలా తీయగల చోట్లు మన చుట్టూ ఉన్నాయి. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఉంది. మావాళ్లు రాయవేలూరు అని పిలిచే వేలూరులో 1949లోనే జాకబ్ చాందీ నరాల విభాగం మొదలుపెట్టిన సీఎంసీ ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ రూపం బొర్గొహైన్ ఏళ్లుగా ఈ జబ్బు మీదే పనిచేశారు. బెంగళూరు నిమ్హాన్స్ గురించి చెప్పనక్కర్లేదు. ఆ నిమ్హాన్స్‌కు చెందిన డాక్టర్ ఎం.గౌరీదేవి 1980ల్లోనే గౌరీబిదనూరు పల్లెల్లో నరాల జబ్బుల సర్వే చేయించారు. ఇళ్లలో తెలుగు వినిపించే సరిహద్దు ఊళ్లవి, మావంటివే. అలాంటి సర్వే వి.కోట, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఇప్పుడు జరగాలి. దానికి ఒక మెడ బిళ్ల పరీక్ష, నేల మీద నడక కొలత, పాత ఇంజెక్షన్ల వాకబు జత కలవాలి. పురుగుమందుల వాకబు కూడా. పారాక్వాట్, రొటెనోన్ వంటి మందులకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని చెప్పే అధ్యయనాలు బయట చాలా వచ్చాయి. ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి పారాక్వాట్ లేదు. మన దగ్గర కలుపు మీద కొడుతూనే ఉన్నాం, అదీ మూతికి గుడ్డ కూడా కట్టకుండా.

తొందరపడొద్దన్న మాట దూలగొండికీ వర్తిస్తుంది. తాకితే ఒళ్లంతా దురద పెట్టే ఆ అడవి తీగ గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపించారు. అది ఈ జబ్బుకు పనికొస్తుందని లోకానికి తెలియడానికి ఇంకా పాతికేళ్లు పట్టింది. ఈ కథ వినగానే గింజలు దంచి తాగుదామనుకునేవాళ్లు ఉంటారు. ఏ గింజలో ఎంత మందుందో తెలియదు. డాక్టరు మాత్రతో కలిస్తే మోతాదు మించిపోతుంది. వద్దు.

నాడిని కొలవడంతో ఆగకుండా దాన్ని తట్టి లేపే ప్రయత్నాలూ నడుస్తున్నాయి. 2005లో జపాన్‌కు చెందిన యమమోటో బృందం చెవుల వెనక నుంచి చాలా సన్నటి, లయ లేని కరెంటు పంపితే రోగుల కదలికలు కొంత చురుకయ్యాయని రాసింది. ఇది మందు కాదు, ఇంకా ప్రయోగమే.

సున్నపు గీతలు

మా ఇంట్లో ఈలోగా పనికొచ్చింది చాలా చిన్న సంగతి. నడక ఆగిపోయిన పార్కిన్సన్స్ రోగి ముందు నేల మీద అడ్డగీతలు గీస్తే, వాటిని దాటుకుంటూ నడవగలడని లండన్ వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లోనే చెప్పాడు. లోపలినుంచి రావాల్సిన అడుగును కళ్లు బయటినుంచి అందిస్తాయి. బెంగళూరు డాక్టరు ఈ సంగతి చెప్పగానే పెద్దమ్మ "ఓస్, ముగ్గేసినట్టే గదా" అంది.

ఇంటికొచ్చిన సాయంత్రమే మంచం దగ్గరనుంచి గడప దాకా, గడప నుంచి బాత్రూము దాకా మూరెడు ఎడంతో ముగ్గుపిండి గీతలు వేసింది. పెద్దనాయన మంచం దిగి, మొదటి గీత చూసి, కాలెత్తి దాటాడు. రెండోది దాటాడు. రెండేళ్లుగా కాళ్లు ఆగిపోతున్న గడపను ఏడో గీతకు దాటేశాడు. పెద్దమ్మ చీపురు పట్టుకుని నిలబడి చూస్తూనే ఉంది, నోట మాట లేదు. పిండి రోజూ చెరిగిపోతోందని తర్వాత తెల్ల పెయింటు వేయించాం. బాత్రూములో పట్టుకోవడానికి ఇనుప కడ్డీ బిగించాం. కాళ్లకు అడ్డంపడే గోనెపట్టా తీసేశాం. లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ పడిపోతోందేమో చూడమన్నారు, చూస్తే నిజమే. కూర్చుని నిమిషం ఆగి లేవడం నేర్పాం. పక్క మీద పొర్లినప్పుడు మాత్రమే గిర్రున తిరిగితే అది చెవి స్ఫటికాలు చోటు తప్పడం వల్ల కావచ్చనీ, తల తిప్పి సర్దే పద్ధతితో చాలావరకు తగ్గుతుందనీ కూడా చెప్పారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు వచ్చే ప్రతి తూలుడూ పార్కిన్సన్స్‌ది కానవసరం లేదు.

మొన్న వానాకాలంలో నేను వి.కోటలో ఉన్న రాత్రి కరెంటు పోయింది. పెద్దనాయన లేచాడు. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. కళ్లకు గీతలు లేవు, కాళ్లకు నేల సరిగా తెలియదు, ఆ చీకట్లో మిగిలింది చెవి ఒక్కటే. ఆయన ఒళ్లు సన్నగా ముందుకూ వెనక్కూ ఊగడం కిటికీ వెలుగులో కనపడుతూనే ఉంది. నేను పట్టుకోబోయాను. "ఉండు అబ్బోడా, తొందర పెట్టొద్దు" అన్నాడు. పెద్దమ్మ తలగడ కింద తడుముకుని ఫోను తీసి, టార్చి వేసి, వెలుగును నేల మీదికి దించింది. మొదటి గీత తెల్లగా మెరిసింది. పెద్దనాయన కుడికాలు ఎత్తాడు.